పెన్న కలిసే తీరానికి: కడప నుంచి మైపాడు

(కడప స్టూడియో చర్చ నుంచి. పాల్గొన్నవారు: యాంకర్, టూర్ నిర్వాహకుడు, ఈత శిక్షకురాలు)

యాంకర్: సార్, మనోళ్లకు సముద్రమంటే మెరీనా, లేదంటే గోవా. జనం తక్కువుండే తీరం దగ్గర్లో లేదా?

నిర్వాహకుడు: మన పెన్న ఎక్కడికి పోతే అక్కడికే పోదామండీ. గండికోట కింద పారే ఏరు సోమశిల, నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ కలిసే చోటికి కాస్త దక్షిణాన మైపాడు. బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు, అక్కణ్నుంచి ఇంకో పాతిక కిలోమీటర్లు.

యాంకర్: రాత్రి రెండింటికి బయల్దేరితే సూర్యోదయానికి అందుకోవచ్చు కదా?

నిర్వాహకుడు: అందుకోవచ్చు, నేనైతే వద్దంటా. బద్వేలు దాటినాక కొండల మధ్య అడవి దారి, డ్రైవరుకు కునుకు పట్టే వేళ. ముందురోజు పోయి నెల్లూరులో పడుకోండి. జనవరిలో పొద్దు ఆరున్నర దాటాకే పొడుస్తుంది, ఐదుంబావుకు గది వదిలితే చాలు. ఇది తూర్పు తీరం, పొద్దు గుంకేది మన వెనక. సాయంత్రం నీళ్లవైపు చూస్తూ కూర్చుంటే ఏమీ కనపడదు.

యాంకర్: జనవరే ఎందుకు?

నిర్వాహకుడు: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం, మేలో ఇసుక మీద కాలు పెట్టలేం. ఆదివారం, కార్తీక పౌర్ణమి తప్పించండి, ఆ రోజుల్లో తిరునాళ్లే.

యాంకర్: మేడమ్, కేసీ (కర్నూలు-కడప) కాలవలో ఈత నేర్చినోళ్లకు సముద్రం ఒక లెక్కా?

శిక్షకురాలు: వాళ్లతోనే నాకు భయం. కాలవలో ప్రవాహం గట్టు వెంబడి పోతుంది, రెండు బారలేస్తే ఒడ్డు. సముద్రంలో అలలు తెచ్చిపోసిన నీళ్లు ఏదో ఒక సందులోంచి తిరిగి లోపలికి పోవాల. ఆ పాయ మనిషిని ఒడ్డు నుంచి దూరంగా లాగుతుంది. దాన్ని గుర్తుపట్టేది ఎట్లంటే, దిగకముందు పది నిమిషాలు ఎత్తుమీద నిలబడి చూడండి. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక చోట విరగవు. నీళ్లు ముదురు రంగులో ఉంటాయి, నురగ, నాచు లోపలికి కదులుతుంటాయి. చూసేదానికి అదే నెమ్మదిగా కనిపిస్తుంది, పిల్లల్ని తీసుకుని జనం సరిగ్గా అక్కడే దిగుతారు!

యాంకర్: చిక్కుకుంటే?

శిక్షకురాలు: నేరుగా ఒడ్డుకు ఈదొద్దు, ఎదురీది అలిసిపోయే మునుగుతారు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. పాయ వెడల్పు తక్కువ, దాటినాక అలలే ఒడ్డుకు తోస్తాయి. బయటున్నోళ్లు దూకొద్దు. ఖాళీ ఐదు లీటర్ల క్యానుకు మూత బిగించి విసరండి, పట్టుకుని తేలతారు. ఇంకొకటి, జనం లేని తీరమంటే కాపాడేవాళ్లు కూడా లేని తీరమే. మోకాలి లోతు దాటొద్దు, నది కలిసే చోట అసలే దిగొద్దు.

యాంకర్: కారు ఇసుకలోకి దింపొచ్చా?

నిర్వాహకుడు: రోడ్డు చివరే ఆపండి. పొడి ఇసుకలో చక్రం తిరిగే కొద్దీ గుంత లోతవుతుంది. దిగబడితే యాక్సిలరేటర్ వదిలేయండి. చక్రాల ముందు ఇసుక తోడి, ఇంజన్ తిప్పే చక్రాల కింద కారులో కాళ్ల కింద పరిచే మ్యాట్లు దూర్చి, టైర్లలో గాలి 32 నుంచి 20 పీఎస్‌ఐకి తగ్గించి మెల్లగా లాగండి. రోడ్డెక్కాక గాలి పట్టించండి, ఇంటికొచ్చాక కారు అడుగు మంచినీళ్లతో కడిగించండి.

శిక్షకురాలు: జెల్లీఫిష్ తగిలితే మాత్రం మంచినీళ్లు పోయొద్దు, రుద్దొద్దు. సముద్రపు నీళ్లతోనే కడగాల.

యాంకర్: ఇంకో పూట మిగిలితే?

నిర్వాహకుడు: సూళ్లూరుపేట వైపు నేలపట్టు పక్షుల కేంద్రం. చలికాలం గూడబాతులు చెట్ల నిండా గూళ్లు కట్టుకుని ఉంటాయి, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు. సెల్‌ఫోను జూమ్‌కు అందవు, బైనాక్యులర్ తీసుకుపోండి.