పిట్టలకి గింజలు వేస్తున్నారా? ముందు ఆ పళ్లెం కడగండి

అందరికీ నమస్తే. వెనకాల ఆ గోల వినిపిస్తోందా? గోరింకలు. డాబా మీదకి లేటుగా వచ్చానని నన్నే తిడుతున్నాయి. మాది సీతమ్మధార, పెరట్లో ఒక జామచెట్టు, గోడవార కరివేపాకు, అంతే. దానికే పిచ్చుకలు, పిగిలిపిట్టలు, వద్దన్నా పావురాలు, కాయల రోజుల్లో రామచిలకలు.

ఈ పళ్లెం చూడండి, దగ్గరగా పెడతాను. అంచున తెల్లగా ఎండిన రెట్ట, మధ్యలో నిన్నటి నూకలు. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలాలి కదా, ముద్దలా అంటుకుంటున్నాయి. ఒక్కరోజు కడగలేదు, వీడియో కోసమే వదిలేశాను. మన వైజాగ్ తేమకి వంటింట్లో ఉప్పు డబ్బాయే నీరు కారుతుంది, ఇక బయట పెట్టిన గింజల సంగతి చెప్పాలా?

రెండేళ్ల కిందట వానల్లో నేను చేసిన తప్పు ఇదే, గింజలు తగ్గాయనిపిస్తే పైన కొత్తవి పోసేదాన్ని, అడుగున ఉన్నవి తీసేదాన్ని కాదు. ఒకరోజు పొద్దున్నే ఒక పిచ్చుక ఒళ్లంతా ఉబ్బించుకుని బంతిలా పళ్లెంలోనే కూర్చుంది, చెయ్యి దగ్గరికి తీసుకెళ్లినా ఎగరలేదు, కళ్లు సగం మూతలు పడుతున్నాయి. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. అప్పుడు అడుగు పొర గీరి చూస్తే పచ్చగా బూజు. సాల్మొనెల్లా లాంటి రోగం తెచ్చే బ్యాక్టీరియా ఒకదాని రెట్టలోంచి ఇంకోదాని నోట్లోకి పోయేది ఇలాంటి చోటే, ఎందుకంటే చెట్ల మీద ఎక్కడికక్కడ తినేవాటిని మనమే తెచ్చి ఒక్క పళ్లెం చుట్టూ కూర్చోబెడుతున్నాం.

సరే, కడుగుదాం. మిగిలినవి పారెయ్యండి, జాలిపడకండి. సబ్బుతో తోమండి, దీనికి పీచు వేరే ఉండాలి, వంటింటి సింకులో మాత్రం వద్దు. వారానికోసారి లిక్విడ్ బ్లీచ్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి పది నిమిషాలు నానబెట్టండి, గ్లోవ్స్ వేసుకోండి, అందులో ఇంకే క్లీనర్ కలపకండి. వాసన పోయేదాకా కడిగి ఎండలో బోర్లించండి. తడి పళ్లెంలో గింజలు వేస్తే పడ్డ కష్టమంతా దండగ.

ఏం పెట్టాలంటే నూకలు, కొర్రలు, సజ్జలు, సాయంత్రానికి ఖాళీ అయ్యేంత గుప్పెడు చాలు. పచ్చి బియ్యం కడుపులో ఉబ్బి చచ్చిపోతాయని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, మరి వరి చేల మీద పడి పిట్టలు తినేదేంటండీ? బ్రెడ్డు, మిక్స్చర్, చిప్స్ వద్దు. మా అత్తయ్య మిగిలిన పులిహోర కూడా తెస్తుంది, ఉప్పు అత్తయ్యా అంటే వినదు. బూజు పట్టిన పల్లీలు అసలే వద్దు, అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది.

నన్నడిగితే పళ్లెం కంటే వరి కంకుల కుచ్చు నయం. పిచ్చుక కాడ పట్టుకుని వేలాడుతూ తింటుంది, పావురానికి అంత ఒడుపు లేదు. కడగాల్సిన పనీ లేదు, తడిస్తే తీసేసి వేరేది కట్టడమే. పావురాల రెట్ట మాత్రం పొడిగా ఉన్నప్పుడు ఊడవకండి, నీళ్లు చల్లి, మాస్క్ పెట్టుకుని తీయండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చెడ్డది.

నీళ్లకి ఈ మట్టి మూకుడు, రెండు వేళ్ల లోతు, మధ్యలో నిలబడ్డానికి ఒక రాయి. రోజూ పారబోసి రుద్ది నింపాలి, లేకపోతే వారం పది రోజుల్లో మనమే డెంగీ దోమల్ని పెంచినట్టు.

ఇంకోటి. పిచ్చుక పిల్లలకి తల్లి పెట్టేది ఎక్కువగా పురుగులే. మొక్కలకి మందు కొడుతూ పిచ్చుకలు తగ్గిపోయాయంటే ఎలా?

ఉబ్బిపోయి కదలని పిట్ట, కళ్ల చుట్టూ పుండ్లున్న పిట్ట కనిపించిందా, అన్నీ తీసి కడిగి రెండు వారాలు ఏమీ పెట్టకండి. టెన్షన్ పడొద్దు, ఆకలితో పోవు, వాటి తిండి వాటికి తెలుసు. చచ్చిపడిన పిట్టని ఉత్త చేత్తో ముట్టుకోకండి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. ఒకేసారి నాలుగైదు చనిపోతే పశుసంవర్ధక శాఖ వాళ్లకి చెప్పండి.

ఇదిగో, పళ్లెం ఆరింది. గుప్పెడు నూకలు వేసి నేను మెట్ల దగ్గరికి పోతాను, కెమెరా ఇక్కడే ఉంటుంది. మొదట గోరింకే దిగుతుంది, చూడండి.