వేలిముద్రకు ముందు చెప్పాల్సిన మాట

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ రాసుకొచ్చాను గానీ, టైం తక్కువ. అందరికీ కలిపి ఒకే దండం పెడుతున్నాను.

ముదిరిన క్యాన్సర్‌కు కొత్త మందులు కలిపి ఇచ్చి చూసే తొలి దశ పరీక్షల గురించి మాట్లాడమన్నారు. ఫేజ్ వన్ అంటారు. ఒక మందు దారి మూస్తే క్యాన్సర్ కణం ఇంకో దారి వెతుక్కుంటుంది, అందుకే కలిపి ఇస్తారు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్‌ను 1960ల మొదట్లో అమెరికాలో ఇంకో మూడు మందులతో కలిపి ఇచ్చారు. పిల్లల రక్త క్యాన్సర్ నయమవుతుందన్న ఆశ అలాగే గట్టిపడింది. కాబట్టి ఈ పరీక్షలు వద్దని నేననను. ఎన్నటికీ అనను.

కానీ మందులు కలిస్తే బాధలూ కలుస్తాయి. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. చాలాచోట్ల ముందు ముగ్గురికి ఇస్తారు. ఎవరికీ తీవ్రంగా వికటించకపోతే తర్వాతి ముగ్గురికి పెంచుతారు. ఒకరికి వికటిస్తే అదే మోతాదు ఇంకో ముగ్గురికిచ్చి చూస్తారు. ఇద్దరికైతే పెంచడం ఆపేస్తారు. అంటే అక్కడ ప్రధానంగా వెతికేది మోతాదు. రోగం తగ్గితే సంతోషమే, హామీ మాత్రం లేదు.

ఈ ముక్క మా చిన్నాయనకు ఎవరూ చెప్పలేదు. దేవరకొండ దగ్గర చెల్కను నమ్ముకుని బతికిన మనిషి. ఆస్పత్రి పేరు చెప్పను. ఇంగ్లీషు కాగితాల కట్ట ముందుపెట్టి పేజీ పేజీకీ వేలిముద్ర వేయించుకున్నారు. బొటనవేలి సిరా తువ్వాలకు తుడుచుకుంటూ "కొత్త మందట బిడ్డా, తక్కువైతదట" అన్నాడు. తక్కువైతదని ఎవరన్నారు? ఆ కట్ట తర్వాత నేను చదివాను, ఆ మాట ఎక్కడా లేదు. ఆయన పోయినందుకు కాదు నా కోపం. ముదిరిన జబ్బు అది. తన మీద ఏం చూస్తున్నారో తెలియకుండానే పోయాడు, తెలియకుండానే!

కొత్త మందుల పరీక్షలకు మన దేశంలో 2019 నాటి నిబంధనలు ఉన్నాయి కదా. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రానివాళ్లయితే పరీక్షతో సంబంధం లేని సాక్షి మొదటి నుంచీ పక్కనుండి సంతకం చేయాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడు మానేస్తానన్నా వదిలేయాలి. మా చిన్నాయన పక్కన ఏ సాక్షీ లేడు.

వెనక వరసలో నర్సింగ్ చదివే బిడ్డలున్నారు. అమ్మా, మిమ్మల్నే అడుగుతున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ బస్సెక్కి వచ్చే ఇలాంటి పెద్దమనుషులు రేపు మీ వార్డుల్లోనే ఉంటారు. సిరా డబ్బా తీసేముందు, "పెద్దాయనా, ఇది మీకు పనిచేస్తుందో లేదో మాకూ తెలియదు, ఎంత మోతాదు తట్టుకుంటారో చూస్తున్నాం" అని తెలుగులో చెప్పండి. విన్నాక కూడా ఒప్పుకునేవాళ్లుంటారు. కాగితాలు చేతికిచ్చి, ఇంటికెళ్లి కొడుకుతోనో కోడలితోనో చదివించుకుని రమ్మనండి. రెండు రోజులు ఆలస్యమైతే కానీయండి.