బోసిమెడ అంటే ఎందుకంత భయం?

హలో అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ ఒక పాత ఫొటోతో మొదలుపెడదాం. ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. 2009 ఫిబ్రవరి, లాస్ ఏంజెలెస్, ఆస్కార్ వేడుక. ఏంజెలీనా జోలీ. ఎలీ సాబ్ డిజైన్ చేసిన నల్ల గౌను, భుజాల మీద ఏమీ లేకుండా. చెవులకి కొలంబియా పచ్చలు, లోరెయిన్ ష్వార్ట్జ్ చేసినవి. కుడిచేతికి ఇంకో పెద్ద పచ్చ ఉంగరం. మరి మెడలో? సన్న గొలుసు కూడా లేదు.

మా పిన్ని ఈ ఫొటో చూస్తే ఏమంటుందో నాకు తెలుసు. "అంత డబ్బు పెట్టుకుని మెడ బోసిగా వచ్చిందేంటే?"

ఆ చెవుల పచ్చలు రెండూ కలిపి 115 క్యారెట్లు. అయిదు క్యారెట్లు ఒక గ్రాము కాబట్టి 23 గ్రాములు. మన లెక్కలో మూడు కాసులకి ఒక్క గ్రాము తక్కువ! కాబట్టి ఆవిడ సింపుల్‌గా వచ్చిందని నేనైతే అనను. పెట్టుకోవాల్సినంతా పెట్టుకుంది, కాకపోతే మెడ వదిలేసింది. అందుకే మన చూపు తిన్నగా చెవుల దగ్గరికే పోతోంది. దాని మీద ఓ నెక్లెస్ కూడా వేసి ఉంటే ఇన్నేళ్ల తర్వాత ఆ పచ్చల గురించి మాట్లాడుకునేవాళ్లమా? నాకైతే డౌటే.

మన దగ్గర నగ అంటే సెట్టు. నెక్లెస్, దానికి మ్యాచింగ్ బుట్టలు, ఉంగరం, అన్నీ ఒకే పెట్టెలో. కొన్నాం కదా అని పెట్టెలో ఉన్నవన్నీ ఒకే రోజు దిగేసుకుంటాం. నేనూ అంతే లెండి. మా కజిన్ పెళ్లికి జాకెట్టుకి మగ్గం వర్క్ చేయించాను. మెడ చుట్టూ జర్దోసీ, మధ్యలో ముత్యాలు, వీపు మీద నెమలి. నెల ముందే ఇచ్చి, నాలుగుసార్లు తిరిగి తెచ్చుకున్నాను. తీరా పెళ్లి రోజు దాని మీద అమ్మ కాసులపేరు వేసుకున్నాను. కాసు అంచు జర్దోసీ తీగకి పట్టుకుంది. కూర్చుని లేచినప్పుడల్లా చిన్నగా లాగడం, నేను విడిపించుకోవడం. మూడుముళ్ల టైమ్‌కి చూసుకుంటే ముందు వైపు ఒక పువ్వు సగం ఊడిపోయి వేలాడుతోంది. ఫొటోల్లో కాసులపేరూ సరిగ్గా కనపడదు, వర్కూ కనపడదు. అంతా కలిసి ఏదో బంగారు ముద్దలా ఉంటుంది.

అప్పుడు అర్థమైంది నాకు, మగ్గం వర్క్ కూడా నగేనని. మెడకి ఒకటి కుట్టించుకున్నాక మళ్లీ ఇంకోటి ఎందుకు? అలాంటి జాకెట్టుకి చెవులకి మంచి బుట్టలు, చేతికి గాజులు చాలు. కాసులపేరు వేసుకోవాలని ఉంటే దానికి సాదా జాకెట్టు కుట్టించుకోండి, వర్కంతా చేతులకి పెట్టించండి. అప్పుడు ఒక్కో కాసూ విడివిడిగా కనపడుతుంది, చూడండి కావాలంటే.

ఖరీదుతో కూడా పని లేదు. అమెరికా ప్రెసిడెంట్ కెనెడీ భార్య జాక్వెలిన్ మూడు పేటల ముత్యాల హారం గుర్తుందా? పిల్లవాడు ఒళ్లో కూర్చుని లాగుతున్న ఫొటో ఉంటుంది కదా, అదే. అవి అసలు ముత్యాలు కావు, గాజు పూసలు. ఆవిడ వస్తువులు 1996లో న్యూయార్క్‌లో సదబీస్ వాళ్లు వేలం వేస్తే ఆ పూసలకే 2,11,500 డాలర్లు వచ్చాయి. హైదరాబాద్ పత్తర్‌గట్టీ బజార్లో నిజం ముత్యాలు బేరమాడి కొనుక్కునే మనకి ఇది కాస్త కడుపుమంటే. కానీ సాదా డ్రెస్సు మీద ఆ మూడు పేటలు ఎంత నిండుగా ఉంటాయో చూడండి.

ఇక పెళ్లైనవాళ్లు అడుగుతారు, మంగళసూత్రం ఎలాగూ ఉంటుంది కదా అని. ఉంటుంది, మరి అదే మెడ నగ అనుకోండి. పొట్టి నల్లపూసలు వేసుకుని ఆపేయండి. ఇంకో మాట, బుట్టలు బరువైతే మాటీలు తగిలించి జుట్టులోకి పిన్ను పెట్టండి. తమ్మెలు సాగిపోతే పోయిన అందం మళ్లీ రాదు.

ఈ వీడియో మా పిన్ని కూడా చూస్తుంది. పిన్నీ, బోసిగా లేనే, నల్లపూసలు వేసుకున్నాను. ఇదిగో.