అవ్వ పెనం, బారన్ గడప

(కర్నూలు, మిద్దె పైన గదిలో రికార్డ్ చేసిన ఎపిసోడ్ నుంచి)

బావ: మైకులో గాలి సౌండ్ వస్తోందని ఫ్యాన్ ఆపేశాం. ఏప్రిల్‌లో, కర్నూల్లో! విన్నవాళ్లు ఆ కృతజ్ఞతయినా చూపించాలి. సరే చెప్పరా, ఇన్ని ఆర్‌పీజీలు, అదే ఒక పాత్రగా మారి కథలో తిరిగే వీడియో గేములు, ఆడావు. నీకు బాగా గుర్తున్న క్వెస్ట్, అంటే గేమ్ మనకు అప్పజెప్పే పని, ఏది?

బామ్మర్ది: నవ్వొద్దు బావా. పెనం.

బావ: పెనమా!

బామ్మర్ది: 2015లో విచర్ 3 గేమ్ వచ్చింది కదా. మొదట్లోనే వైట్ ఆర్చర్డ్ అనే ఊళ్లో ఒక అవ్వ ఉంటుంది. ఎవరో కొత్త మనిషి తన పెనం తీసుకుని ఇవ్వలేదట, తెచ్చిపెట్టమంటుంది. మనమేమో రాక్షసుల్ని చంపే గెరాల్ట్! తలుపు పగలగొడితే లోపల శవం, పెనం మాత్రం తళతళలాడుతోంది. మసి గీకి సిరా చేసుకున్నారు. అవ్వకు ఒకటే సంబరం, పెనం మెరుస్తోందని.

బావ: మా అవ్వయితే చీపురు తీసేది. ఇనప పెనం అట్లా తోమితే దోసె లేస్తుందా?

బామ్మర్ది: అదే బావా! అడిగింది చిన్న పని, కానీ ఆమెకు అదే పెద్దది. 'పది తోడేళ్లను చంపి రా' అని ఎవడో నిలబడి చెప్తే వాడి మొహం కూడా గుర్తుండదు. 2011లో స్కైరిమ్ అనే గేమ్ రేడియంట్ క్వెస్టులని పెట్టింది, గేమే అంతం లేకుండా పనులు తయారుచేస్తుంది. గుహ మారుతుంది, పని మారదు.

బావ: నాకు ఆబ్లివియన్ గేమ్‌లో విందు ఇష్టం. బంగారం దాచారని ఐదుగురిని ఒక ఇంటికి రప్పిస్తారు. హంతకుడివి నువ్వే. ఒకడు పోయాక మిగిలినవాళ్లు నీ దగ్గరికే వచ్చి భయం చెప్పుకుంటారు.

బామ్మర్ది: అబ్బా, అది దుర్మార్గం! నన్ను కదిలించింది మాత్రం విచర్ 3లోనే బ్లడీ బారన్ అనే కోట దొర కథ. పెళ్లాం, కూతురు కనబడట్లేదంటే జాలిపడతాం. తర్వాత తెలుస్తుంది, తాగి పెళ్లాన్ని కొట్టేవాడని. కడుపులోనే పోయిన బిడ్డ దయ్యమై తిరుగుతుంటుంది. దాన్ని చంపేయొచ్చు. లేదా ఆయనే చేతుల్లో ఎత్తుకుని చీకట్లో నడిచి, పేరు పెట్టి, గడప కింద పూడ్చాలి. గడప కింద, బావా! అక్కడ ఆయన్ని తిట్టుకోవాలో ఓదార్చాలో నాకు తెలియలేదు.

బావ: ఆ చెట్టు దయ్యం కూడా ఈ కథలోదే కదా?

బామ్మర్ది: ఆ. చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మను వదిలితే అనాథ పిల్లలు బతుకుతారంది. వదిలాను. మంచి పని చేశాననుకుని అన్నానికి పోయాను. రాత్రి కూర్చుని ఆడితే దాని ఫలితంగా బారన్ భార్య చనిపోయింది. కోటకు పోయి చూస్తే ఆయన చెట్టుకు వేలాడుతున్నాడు.

బావ: పాత సేవ్ లోడ్ చేసి వెనక్కి పోలేదా?

బామ్మర్ది: ఎక్కడ బావా, అప్పటికి గంటలు గడిచిపోయాయి. అయినా వెనక్కి పోతే పిల్లలు పోతారు.

బావ: ...

బామ్మర్ది: ఏమైంది?

బావ: ఏం లేదు. ఫ్యాన్ వెయ్ రా.