ఈసారి పంచారామాల్లో ఒక్క ద్రాక్షారామమే

నమస్కారం అండి. టైమ్ ఉదయం ఐదున్నర. వెనకాల మీకు వినిపిస్తున్న ఆ చిటపటలు కాగు కింద మంటవి. అమ్మ కొబ్బరి డొక్కలు, ఎండిన కమ్మలు ఎగదోసి నీళ్లు కాస్తోంది. కోనసీమలో పొయ్యిలోకి వేరే ఏమీ కొనక్కర్లేదు, పెరట్లో చెట్లే ఇస్తాయి. కాసేపట్లో బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్లు తెచ్చి నా ముందు పెడుతుంది. రెండు చేతులూ అందులో ముంచుకుని కూర్చుంటాను. వేళ్లు కదలడానికి పావుగంట పడుతుంది, పూర్తిగా మడత పడాలంటే గంట పైనే. అప్పటిదాకా కాఫీ గ్లాసు కూడా రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగడమే.

చాలామంది అడిగారు, "అక్కా, ఇండియా ట్రిప్ ప్లాన్ వీడియో పెట్టావు కదా, అరుణాచలం ఏది, పాపికొండలు ఏవి" అని. ఆ ప్లాన్ మారిపోయిందండీ. ఎందుకు మారిందో ఇవాళ చెప్తాను.

పోయినేడాది ఫిబ్రవరిలో టికెట్లు కొన్నాం. మూడు వారాలు. హైదరాబాద్‌లో దిగి తిరుపతి, అక్కణ్ణుంచి అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ, భోగికి ఇంటికి చేరి, పండగయ్యాక ఒక్క రోజులో పంచారామాలు, ఆపైన పాపికొండలు బోటు. మా పాపకి తొమ్మిదేళ్లు. దానికి అన్నీ ఒకేసారి చూపించేయాలని నా ఆశ.

ఏప్రిల్‌లో ఉంగరం వేలు వాచింది. తర్వాత రెండో చేతిలో కూడా అదే వేలు. మొదట చూసిన డాక్టర్ కంప్యూటర్ పని ఎక్కువై ఉంటుందన్నారు. నేనూ అదే నమ్మి మూడు నెలలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాను. ఆ మూడు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. రెండు చేతుల్లోనూ ఒకే కీళ్లు వాచి, పొద్దున్న గంట దాటినా బిగువు వదలకపోతే ఆలస్యం చేయకండి. కీళ్లవాతం చూసే రుమటాలజిస్ట్ దగ్గరికే వెళ్లండి. ఆగస్టులో రక్తపరీక్ష చేశారు, యాంటీ సీసీపీ అంటారు. అది పాజిటివ్. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్.

ఇక్కడికొచ్చాక పెద్దమ్మ అంది, "ముప్పై ఆరేళ్లకి కీళ్లవాతం ఏంటే, మీ నానమ్మకి కూడా డెబ్బై దాటాకే కదా మోకాళ్లు పట్టేసింది." నానమ్మది కీళ్లు అరిగి వచ్చిన నొప్పి పెద్దమ్మా అని పక్కన కూర్చుని చెప్పాను. నాది వేరు. రోగాల మీదికి వెళ్లాల్సిన ఒంట్లోని సైన్యం పొరబడి నా కీళ్ల మీదికే వస్తోంది. అందుకే ఆ సైన్యాన్ని కాస్త అణిచిపెట్టే మందులు వాడాలి, ఎన్నాళ్లని చెప్పలేం. పెద్దమ్మ నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇది తెలియగానే మా వారు టికెట్లు కాన్సిల్ చేసేద్దామన్నారు. నాకూ ధైర్యం చాలలేదు. డాక్టరమ్మ మాత్రం, "వెళ్లండి, కానీ ఈ ప్లాన్‌తో కాదు" అని నా కాగితం చూసి అన్నారు. రోజుకి ఒక్క పనే పెట్టుకోమన్నారు. ఒక రోజు తిరిగితే మర్నాడు ఇంట్లోనే ఉండాలి. తిరుగు ప్రయాణం తేదీ మార్చడానికి చాలానే కట్టాల్సి వచ్చింది, అయినా మూడు వారాలని నాలుగు చేసుకున్నాం. గిరిప్రదక్షిణ తీసేశాను. పాపికొండలూ తీసేశాను.

మందుల గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ప్రయాణాల్లో పొరపాట్లు జరిగేది ఇక్కడే. నేను వేసుకునేది మెథోట్రెక్సేట్. వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. నాకు ఆదివారం. రోజూ మాత్రలు వేసుకునే అలవాటున్న ఇంట్లో, "ఇవాళ మాత్ర వేసుకున్నావా" అని ప్రేమగా అడిగి రోజూ వేయించేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వచ్చిన రోజే గోడ మీది క్యాలెండర్‌లో ఆదివారాలకి మాత్రమే ఎర్ర సున్నా చుట్టి అమ్మకి చూపించాను. మిగతా రోజుల్లో డాక్టర్ చెప్పిన ప్రకారం ఫోలిక్ యాసిడ్. ఇంకోటి, జ్వరమో విరేచనాలో వస్తే మందుల షాపుకి వెళ్లి ఏదో ఒక యాంటీబయాటిక్ తెచ్చుకోవడం మనకి మామూలే కదా. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి ట్రైమెథోప్రిమ్ ఉన్న మాత్రలు చాలా ప్రమాదం. ఆ పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి నాన్న జేబులో పెట్టాను.

నవంబర్ నుంచి రెండు వారాలకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్ కూడా. మొదలుపెట్టే ముందే టీబీ లేదని పరీక్ష చేశారు. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డ కట్టకూడదు. అందుకే చెకిన్ సూట్‌కేసులో వేయలేదు. విమానం అడుగున గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టర్ లెటర్, ప్రిస్క్రిప్షన్‌తో సహా చల్లటి సంచిలో పెట్టి చేతిలోనే తెచ్చుకున్నాను. ఇంట్లో ఫ్రిజ్ మధ్య అరలో, వెనక గోడకి తగలకుండా స్టీలు డబ్బాలో పెట్టాం. పక్కన చిన్న థర్మామీటర్. కరెంటు పోయిన ప్రతిసారీ అమ్మ ఫ్రిజ్ తలుపు ముందుకొచ్చి నిలబడుతుంది, ఎవరూ తెరవకుండా. మొన్న మధ్యాహ్నం రెండు గంటలు పోయింది. మజ్జిగ కోసం వచ్చిన మావయ్యని కూడా ఆపేసింది.

ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చైర్ అడగడానికి నాకు రెండు రోజులు మనసొప్పలేదు. నడవగలను కదా, చూసేవాళ్లు ఏమనుకుంటారు అని. కానీ ఇరవై గంటల ప్రయాణం తర్వాత ఇమిగ్రేషన్ లైన్లో గంట నిలబడితే మర్నాడు మంచం దిగలేనని నాకు తెలుసు. టికెట్‌తోపాటే ముందుగా చెప్పించాం. మా పాప నా బ్యాగ్ తన భుజానికి తగిలించుకుని కుర్చీ పక్కనే నడిచింది. హైదరాబాద్‌లో ఒక రాత్రి పడుకుని, మర్నాడు రాజమండ్రి విమానం. అక్కడి మధురపూడి ఎయిర్‌పోర్ట్‌లో కారు ఎక్కేటప్పుడు డ్రైవర్ గారు, "ఆయ్, నిదానంగా ఎక్కండమ్మా, మనకేం తొందర లేదండి" అన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదారి కనిపించేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

భోగి రోజు ముగ్గు వేద్దామని కూర్చున్నాను. పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుగుతూ సన్నగా జారాలి. నా వేళ్లు అంత దగ్గరికి రావట్లేదు, పిండి ఒకేచోట కుప్పగా పడిపోతోంది. చుక్కలు మాత్రం పెట్టగలిగాను. గీతలన్నీ అమ్మ కలిపింది, మధ్యలో రంగులు పాప నింపింది.

కనుమ నాడు మా దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఒకే కొబ్బరితోటకి చేరతారు. వెదురుతో కట్టిన అంతెత్తు ప్రభని భుజాల మీద మోస్తూ వరిచేలల్లోంచి, గంగలకుర్రు వాళ్లయితే కౌశిక కాలువ నీళ్లలోంచి తీసుకొస్తారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రా శకటంగా చూసే ఉంటారు. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని ఆ చేలగట్ల మీద పరిగెత్తినదాన్ని. ఈసారి పాపతో అలాగే వెళ్లాలనుకున్నాను. ఆ జనంలో ఒక్క తోపులాట చాలు నా మణికట్టుకి. పైగా నా మందులతో ఇన్‌ఫెక్షన్లు త్వరగా అంటుకుంటాయి. అందుకని పిన్ని వాళ్ల అరుగు మీద కూర్చుని మా ఊరి ప్రభ బయల్దేరడం చూశాను. "శరభా శరభా" అంటూ ఒక్కసారి లేపారు. గంటల మోతకి అరుగు అదిరింది. నాన్న పాపని తీసుకుని వెనకే వెళ్లారు. మలుపు దగ్గర అది వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది.

పంచారామాల్లో మాత్రం ఒకటి ఉంచుకున్నాను. అమరావతి, భీమవరం, పాలకొల్లు, సామర్లకోట వదిలేసి ద్రాక్షారామం. యానాం దగ్గర బాలయోగి వారధి దాటి వెళ్లాం, పొద్దున్నే కాకుండా పదింటికి బయల్దేరి. అక్కడ లింగం రెండంతస్తుల ఎత్తు. కింద పాదభాగం దర్శనం, మెట్లెక్కి పైకి వెళ్తే శిరోభాగం. ఆ రోజు మోకాలు కూడా వాచి ఉంది. మెట్ల దగ్గర నిలబడి చూశాను, తల తిప్పేసుకుని కిందే కూర్చున్నాను. అమ్మ, పాప పైకి వెళ్లారు. పాప దిగొచ్చి నా చెవిలో, "అమ్మా, పైనుంచి చూస్తే దేవుడు చిన్నగా ఉన్నాడు, కిందే పెద్దగా ఉన్నాడు" అంది. రాతి స్తంభానికి వీపు ఆనించి అక్కడే ఇంకో అరగంట కూర్చున్నాం. ఇదివరకు ఏ గుళ్లోనూ నేను అంతసేపు కూర్చోలేదు.

రేపు ఆదివారం, మాత్రల రోజు. మర్నాడు నీరసంగా ఉంటుంది కాబట్టి సోమవారం వీడియో ఉండదు. మంగళవారం ఓపిక ఉంటే ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు తీయడం పాపకి చూపిస్తాను. లేకపోతే బుధవారం.

అమ్మ బేసిన్ తెచ్చేసింది. ఫోన్ ఇక్కడ పెట్టేస్తున్నానండి, నీళ్లు చల్లారిపోతాయి.