గుడికి ఒకసారి వెళ్లొస్తే పాఠం అయిపోతుందా?

[తెర మీద: గుడి బయట చెప్పుల స్టాండ్. మంచు అంటిన బూట్ల మధ్య ఒక జత హవాయి చెప్పులు.]

బోస్టన్ దగ్గర ఆష్‌లాండ్‌లో శ్రీ లక్ష్మీ ఆలయం ఉంది. 1990లో ప్రతిష్ఠ చేసినప్పుడు గంగాజలంలో మిసిసిపీ, కొలరాడో, మెరిమాక్ నదుల నీళ్లు కూడా కలిపారు. ఇలాంటి సంగతి ఏ పురాణంలోనూ దొరకదు. గుడికి వెళ్లి, అక్కడివాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే.

[తెర మీద: యూనివర్సిటీ క్లాస్‌రూమ్.]

హార్వర్డ్ ప్రొఫెసర్ డయానా ఎక్ అదే చేయించారు. ఆవిడ కాశీ మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మనిషి. 1965లో అమెరికా వలస చట్టం మారాక వచ్చిన కుటుంబాల పిల్లలు పెద్దవాళ్లై, ఆవిడ క్లాసులోనే కూర్చోవడం మొదలైంది. ఎక్కడో ఇండియాలో ఉందనుకున్న మతం ముందు బెంచీలోకి వచ్చేసింది! 1991లో ఆవిడ ప్లూరలిజం ప్రాజెక్ట్ (అమెరికాలోని రకరకాల మతాల మీద అధ్యయనం) ప్రారంభించి, విద్యార్థులను వాళ్ల వాళ్ల ఊళ్లకే పంపారు: అక్కడ గుడి, మసీదు, గురుద్వారా ఏమేం వెలిశాయో చూసి రాసుకు రమ్మని. అలా పోగైన సమాచారం 1997లో సీడీగా వచ్చింది.

[తెర మీద: పులిహోర ప్లేటు, పక్కన నోట్‌బుక్.]

ఇక్కడే ఒక చిక్కుంది. మతాల గురించి చదివే ఏదో ఒక క్లాసు నుంచి ముప్పై మంది పిల్లలు గుడి ముందు బస్సు దిగి, ఫొటోలు తీసుకుని, ‘మీకు ఎంతమంది దేవుళ్లు?’ అని అడిగి, ప్రసాదం తిని వెళ్లిపోతారు. మార్కులు వాళ్లకి. గుడివాళ్లకి మిగిలేది ఖాళీ ప్లేట్లు! నన్నడిగితే అది టూర్, అంతే.

అలా కాకుండా, అక్కడి సమాజంతో కలిసి నేర్చుకోవడమంటే సెమిస్టర్ మొదలవకముందే ప్రొఫెసర్ వెళ్లి, ‘మా పిల్లలతో మీకేం పనుంది?’ అని అడగడం. ఒక చోట పాత ఫొటోలు స్కాన్ చేయాలి. ఇంకో చోట, ముప్పై నలభై ఏళ్ల కిందట విరాళాలు పోగు చేసిన పెద్దాయన జ్ఞాపకాలు, ఆయన ఉండగానే రికార్డు చేయాలి. గురుద్వారాలో అయితే లంగర్ (అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) వంటింట్లో రొట్టెలు ఒత్తాలి. (పిండి ముద్ద చేతిలో ఉంటే మాటలు తేలిగ్గా వస్తాయి, టెన్షన్ ఉండదు.) అయితే పూజలో పాల్గొనమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. బొట్టు వద్దన్న విద్యార్థికి మార్కులు తగ్గకూడదు.

[తెర మీద: ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితం.]

విద్యార్థులు రాసింది ప్రొఫెసర్ కంటే ముందు గుడివాళ్లకు చూపించాలి. వాళ్లు ‘ఐడల్’ అన్న మాట కొట్టేసి, పైన ‘మూర్తి’ అని రాసి ఇస్తారు.