నెల చందా ఆటోపే: చిన్న వార్తా సంస్థలకు స్టెప్ బై స్టెప్

నమస్కారం అండి. జిల్లాలో ఒక వార్తల వెబ్‌సైటో, యూట్యూబ్ ఛానలో నడుపుతున్నవాళ్ల కోసమే ఈ వీడియో. ప్రకటనలు ఆగితే జీతాలు ఆగుతాయి. పైగా ప్రకటన ఇచ్చినాయన మీద వార్త రాయాలంటే చెయ్యి ఆడదు. న్యూస్‌లాండ్రీ 2012లో మొదలైంది, ప్రకటనలు తీసుకోం అని చెప్పి ప్రధానంగా చందాదారుల మీదే నిలబడింది. మన స్థాయిలో కూడా పాఠకుల నెల చందా పెట్టుకోవచ్చు, ఎలాగో చూద్దాం.

ముందు గూగుల్ షీట్. ఎడమవైపు ఆదాయం ఎక్కడి నుంచి వస్తోంది, పక్కన ఎంత వస్తోంది. ప్రభుత్వ ప్రకటనలు, ప్రైవేటు ప్రకటనలు, యూట్యూబ్, చందాలు, ఇదిగో ఇలా. తేదీ టైప్ చేయక్కర్లేదు, కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ కొడితే ఇవాళ్టి తేదీ పడుతుంది. నేనైతే రోజంతా ఇదే వాడతాను. ఇప్పుడు అన్నిటికంటే పెద్ద అంకెని మొత్తంతో భాగించండి. చూశారా, ఇక్కడ సగం పైన వచ్చింది. అంటే ఒక్కరు చెయ్యి తీసేస్తే సంస్థ ఆగిపోతుంది. మనం ప్రతి నెలా తగ్గించాల్సింది ఈ అంకెనే.

సరే, పేమెంట్ గేట్‌వేలోకి, అంటే ఆన్‌లైన్‌లో మన తరఫున డబ్బు తీసుకునే సర్వీసులోకి వెళ్దాం. లాగిన్, సబ్‌స్క్రిప్షన్స్, కొత్త ప్లాన్. పేరు, నెలకొకసారి, 99 రూపాయలు, సేవ్. అంతే. మొదటిసారి పాఠకుడు యూపీఐ పిన్ కొట్టి ఒప్పుకుంటే చాలు, తర్వాత 15,000 రూపాయల లోపు చందాకి ప్రతి నెలా పిన్ కొట్టక్కర్లేదు, డబ్బు దానంతటదే కట్ అవుతుంది. ఆటోపే అంటే ఇదే.

ఇక్కడ కాస్త ఆగండి. ఈ స్టెప్ దగ్గర తొందరపడొద్దు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందు, పాఠకుడి ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. అందులో ఎవరి పేరు వస్తుంది? చాలాసార్లు మీ వెబ్‌సైట్ పేరు రాదు, రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ పేరు వస్తుంది. పాఠకుడికి తెలిసింది వెబ్‌సైట్ పేరు. ఏదో ప్రైవేట్ లిమిటెడ్ 99 రూపాయలు కట్ చేస్తుందట అని మెసేజ్ చూస్తే ఏమనుకుంటాడు? మోసం అనుకుంటాడు. యాప్ తెరిచి ఆటోపే క్యాన్సిల్ కొట్టేస్తాడు. మీ మీద కోపం ఉండి కాదండి, మీరే అని తెలియక. అందుకే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఇదిగో ఈ బిల్లింగ్ పేరు దగ్గర, మీ వెబ్‌సైట్ పేరే పెట్టండి. మార్చడం కుదరకపోతే చందా పేజీలో, బటన్ పైనే రాయండి: మీకు మెసేజ్ ఫలానా కంపెనీ పేరుతో వస్తుంది, అది మేమే. బటన్ కింద కాదు, పైన. కింద రాస్తే ఎవరూ చదవరు.

ఇంకొకటి, అమెరికాలో ఉన్న మనవాళ్లు మేమూ ఇస్తాం అంటారు. మంచి మనసే, కానీ జాగ్రత్త. వీడియో వార్తలు, కరెంట్ అఫైర్స్ చేసే సంస్థలు విదేశీ విరాళం తీసుకోకూడదని 2010 నాటి విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ, చెబుతుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా విదేశీయుల కిందే లెక్క. సేవకి కట్టే చందా వేరు, ఊరికే ఇచ్చే విరాళం వేరు. ఆ గీత ఎక్కడ గీయాలో మీ ఆడిటర్‌ని అడిగాకే విదేశాల నుంచి డబ్బు తీసుకునే బటన్ ఆన్ చేయండి. అప్పటిదాకా ఫారంలో పౌరసత్వం అడిగే గడి ఒకటి పెట్టి, తప్పనిసరి అని టిక్ కొట్టండి. ఇలా.

అయిపోయింది. పేజీని పాఠకులకి పంపేముందు మీ ఇంట్లో వాళ్ల ఫోన్ నుంచి ఒక చందా కట్టించండి. వచ్చే నెల మెసేజ్ వచ్చినప్పుడు ఆ పేరు ఎవరిదో వాళ్లకి ఠక్కున తెలిసిందా లేదా అడగండి. తెలియలేదంటే మళ్లీ ఆ బిల్లింగ్ పేరు దగ్గరికే రండి.